ట్యూబ్ ఫీడ్, మందులు, పాలసీసాలతో పిల్లల్ని విమానంలో తీసుకెళ్లడం: టికెట్ దగ్గర్నుంచి దిగేదాకా

మా బాబుకి పొట్టలో ట్యూబ్ ఉంది. నోటితో తాగిస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి కాబట్టి ఫీడ్లూ (అంటే పాలూ ఫార్ములా), మూర్ఛ మందూ, ఆఖరికి మంచినీళ్లు కూడా దాన్నుంచే. వాడి తర్వాత పుట్టిన పాప తల్లిపాలు తాగేది. వీళ్లిద్దరితో విమానం ఎక్కుతూ దిగుతూ తెలుసుకున్నవన్నీ, డాక్టర్లనీ నర్సులనీ అడిగి రాసిపెట్టుకున్నవన్నీ వరసగా చెప్తాను. మీ పిల్లల సమస్య వేరే అయ్యుండొచ్చు. ఆక్సిజన్ కావచ్చు, షుగర్ కావచ్చు, ఎలర్జీ కావచ్చు, నెలలు నిండకుండా పుట్టి ఇప్పుడిప్పుడే కోలుకుంటూ ఉండొచ్చు. సర్దుకునే పద్ధతి మాత్రం చాలావరకు ఒకటే.

అన్నిటికంటే ముందు ఒక్కమాట. విమానం ఎన్ని గంటలు ఎగురుతుందో చూసి సర్దకండి. మా రెండో ప్రయాణం నాలుగు గంటలదే, కానీ తలుపులు మూసేశాక రన్‌వే పక్కన మూడు గంటలు నిలబెట్టేశారు, తర్వాత వాతావరణం బాగోలేక వేరే ఊళ్లో దించారు, ఇంటి నుంచి బయల్దేరాక పదిహేను గంటలకి గానీ గదికి చేరలేదు. ఆ రోజు నా దగ్గర ఒక్క ఫీడ్ మాత్రమే ఎక్కువుంది. చివరి ఫీడ్‌ని మూడు భాగాలు చేసి కొంచెం కొంచెంగా ఇస్తూ వచ్చాను, ఆ గంటలు నేను ఎప్పటికీ మర్చిపోలేను. అప్పట్నుంచీ మా లెక్క ఒకటే: మొత్తం ప్రయాణానికి సరిపడేది, దాని మీద ఇంకో 24 గంటలకి సరిపడేది, అంతా చేతిలో ఉండే బ్యాగులోనే.

ముందు డాక్టర్ దగ్గరికి, తర్వాతే టికెట్

చాలామంది టికెట్ కొనేసి, తర్వాత డాక్టర్ని అడుగుతారు. ఇది తిరగేసి చేయండి. కారణం ఏంటంటే విమానం లోపల గాలి నేల మీద ఉన్నట్టు ఉండదు. క్యాబిన్‌లో ఒత్తిడి సుమారు 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తున్న కొండ మీద కూర్చున్నంత ఉంటుంది. గాలిలో ఆక్సిజన్ శాతం అంతే ఉన్నా ఒత్తిడి తగ్గడం వల్ల ఒంటికి అందేది తగ్గుతుంది. నేల మీద 21 శాతం పీల్చేవాళ్లం అక్కడ దాదాపు 15, 16 శాతం పీల్చినట్టు అవుతుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకి ఇది తెలియను కూడా తెలియదు. పుట్టుకతో గుండె జబ్బు ఉన్నవాళ్లు, ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్లు, నెలలు నిండకుండా పుట్టినవాళ్లు, ఇంట్లో రాత్రిపూట ఆక్సిజన్ పెట్టుకునేవాళ్లు మాత్రం ఇబ్బంది పడొచ్చు. ఇలాంటివాళ్లకి ఆసుపత్రిలో ఒక పరీక్ష చేస్తారు. 15 శాతం ఆక్సిజన్ ఉన్న గాలి కాసేపు పీల్పించి, వేలికి పెట్టిన ప్రోబ్‌లో ఆక్సిజన్ ఎంత పడిపోతుందో చూస్తారు. మీ పిల్లలకి ఇది అవసరమా అని నోరు తెరిచి అడగండి, వాళ్లంతట వాళ్లు చెప్తారని ఆగొద్దు. నెలలు నిండి, ఆరోగ్యంగా పుట్టిన శిశువునైనా కనీసం వారం ఆగి ఎక్కించమనే చెప్తారు.

ఈమధ్య ఆపరేషన్ అయ్యిందా, చెవిలో ఇన్ఫెక్షన్ ఉందా, జలుబు ముదిరి ఉందా అన్నది కూడా అప్పుడే మాట్లాడేయండి. ఒంట్లో ఎక్కడ గాలి చిక్కుకుని ఉన్నా పైకి వెళ్లేకొద్దీ అది సుమారు 30 శాతం దాకా ఉబ్బుతుంది. పొట్ట ట్యూబ్‌ని లోపల పట్టి ఉంచే బెలూన్‌లో గాలి కాకుండా నీళ్లే ఉన్నాయో లేదో ప్రయాణానికి ముందు చూసుకోమనేది అందుకే. ఊపిరి కోసం మెడ దగ్గర పెట్టే ట్రాకియాస్టమీ ట్యూబ్ ఉండి దానికి గాలితో నింపే కఫ్ (చుట్టూ ఉండే చిన్న బెలూన్) ఉంటే విమానంలో ఏం చేయాలో డాక్టర్ చేత రాయించుకోండి, గాలి బదులు నీళ్లో సెలైనో నింపమని చెప్పొచ్చు.

డాక్టర్ ఉత్తరం: ఒక్క పేజీ చాలు

నాలుగు పేజీల డిశ్చార్జ్ సమ్మరీ సెక్యూరిటీ దగ్గర ఎవరూ చదవరు. ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద ఒక్క పేజీ ఇంగ్లీషులో రాయించుకోండి. పిల్లల పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లు పోకుండా, జబ్బు పేరు, మందుల పేర్లు, డోసులు, వెంట తీసుకెళ్లే పరికరాలు ఒక్కొక్కటీ, పాలూ ఫార్ములా 100 మిల్లీలీటర్లు దాటి ఉంటాయని, అవి ప్రయాణమంతా చేతిలోనే ఉండాలని, సిరంజిలు సూదులు ఉంటే వాటి సంగతీ. మందుకి కంపెనీ పెట్టిన పేరుతో పాటు అసలు రసాయనం పేరు కూడా రాయించాలి, బ్రాండ్లు దేశానికొకటి మారిపోతాయి, లోపలి మందు పేరు ఎక్కడైనా అర్థమవుతుంది. రెండు కాపీలు కాగితం మీద, ఒకటి ఫోన్లో.

వేరే దేశం వెళ్తుంటే మీ మందు అక్కడ అనుమతి ఉన్నదేనా అని ఆ దేశపు రాయబార కార్యాలయం వెబ్‌సైట్లో చూడండి. కొడీన్ ఉన్న దగ్గు మందులు, ఏడీహెచ్‌డీకి (నిలకడ లేకపోవడం, ధ్యాస నిలవకపోవడం) వాడే కొన్ని మందులు, నిద్రకీ మూర్ఛకీ ఇచ్చే కొన్ని మందులు కొన్ని దేశాల్లో ముందస్తు అనుమతి లేకుండా తేకూడదు. జపాన్‌లో అయితే ఏడీహెచ్‌డీకి ఇచ్చే యాంఫెటమిన్ మందుల్ని ప్రిస్క్రిప్షన్ ఉన్నా రానివ్వరు. మందులన్నీ మెడికల్ షాపు వాళ్లిచ్చిన పెట్టెల్లోనే, లేబుల్‌తోనే ఉంచండి. ఇంట్లో సుఖంగా ఉంటుందని మనం వాడే వారం రోజుల మాత్రల డబ్బా ఇక్కడ పనికిరాదు.

టికెట్ కొనేటప్పుడు

డబ్బు కొంచెం ఎక్కువైనా మధ్యలో దిగి ఎక్కే పని లేని విమానమే మేలని నా అభిప్రాయం. దిగి ఎక్కిన ప్రతిసారీ ఇంకో సెక్యూరిటీ, ఇంకోసారి చెవుల నొప్పి, ఇంకోసారి బ్యాగు తప్పిపోయే ప్రమాదం. మారక తప్పదంటే మధ్యలో కనీసం మూడు గంటలుండేలా చూసుకోండి, తీరిగ్గా ఒక ఫీడ్ ఇచ్చేంత టైమ్ దొరుకుతుంది.

సీటు విషయంలో నేను చేసిన తప్పు చెప్తాను. శిశువులకి తొట్టి ఇస్తారని ముందు వరస, అంటే గోడకి ఎదురుగా ఉండే సీట్లు తీసుకున్నాం. కాళ్లకి చోటు బాగుంది, తొట్టీ వచ్చింది. కానీ ముందు సీటు లేదు కదా, దాని కింద బ్యాగు పెట్టే వీలు లేదు! టేకాఫ్‌కీ ల్యాండింగ్‌కీ అన్నీ పైన అరలో పెట్టాల్సిందే అన్నారు. మందుల బ్యాగు పైనుంది, బెల్టు లైటు వెలుగుతోంది, లేవడానికి లేదు. ట్యూబూ, కఫం లాగే సక్షన్ మిషనూ, మూర్ఛ వస్తే ఇచ్చే మందూ ఉన్న పిల్లలకి మామూలు వరసే నయం, బ్యాగు మీ కాళ్ల దగ్గరే ఉంటుంది. తొట్టి మీద మనసుంటే ప్రాణావసరమైనవి ఒక చిన్న సంచిలో పెట్టి ఒంటికి తగిలించుకోవచ్చో లేదో ముందే అడగండి. ఎమర్జెన్సీ తలుపుల దగ్గర వరసల్లో పిల్లల్ని ఎలాగూ కూర్చోనివ్వరు.

రెండేళ్లలోపు పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. కానీ మెడ నిలవని పిల్లలకి, పంపు మీద ఫీడ్ నడిచే పిల్లలకి వేరే సీటూ, విమానంలో వాడొచ్చని లేబుల్ ఉన్న కార్ సీటూ ఉంటే చాలా తేడా. కార్ సీటుని ఎక్కువగా కిటికీ పక్కనే పెట్టమంటారు, వెడల్పు సరిపోతుందో లేదో టేపుతో కొలుచుకుని ఎయిర్‌లైన్‌ని అడగండి.

ఎయిర్‌లైన్‌కి చెప్పడం, చెప్పినట్టు రుజువు ఉంచుకోవడం

టికెట్ చేతికి రాగానే ప్రత్యేక సహాయం విభాగానికి ఫోన్ చేయండి. ఆక్సిజన్, ఈమధ్య ఆపరేషన్, నిలకడ లేని ఆరోగ్యం లాంటివి ఉంటే మెడిఫ్ అనే ఫారం ఇస్తారు. అది మీ డాక్టర్ నింపాలి, ఎయిర్‌లైన్ వైద్య విభాగం చూసి సరే అనాలి. మామూలుగా కనీసం 48 నుంచి 72 గంటల ముందు పంపమంటారు, మీరు రెండు వారాల ముందే మొదలుపెట్టండి, ఎందుకంటే డాక్టర్ సంతకం దొరకడానికే వారం పడుతుంది. ఏళ్లతరబడి ఒకేలా ఉండే సమస్య అయితే ఫ్రీమెక్ అనే కార్డు ఇచ్చే ఎయిర్‌లైన్లు ఉన్నాయి, ప్రతిసారీ ఫారం నింపే బాధ తప్పుతుంది.

వీల్‌చెయిర్ కావాలంటే మూడు రకాల కోడ్లు ఉంటాయని గుర్తుపెట్టుకోండి. మెట్లు ఎక్కగలిగేవాళ్లకి డబ్ల్యూసీహెచ్ఆర్, మెట్లు ఎక్కలేనివాళ్లకి డబ్ల్యూసీహెచ్ఎస్, సీటు దాకా తీసుకెళ్లాల్సినవాళ్లకి డబ్ల్యూసీహెచ్‌సీ. ఏ కోడ్ వేశారో అడిగి రాసుకోండి, తప్పు కోడ్ వేస్తే విమానం తలుపు దగ్గరే దించేసి వెళ్లిపోతారు.

ఇక ముఖ్యమైన సంగతి: ఫోన్లో ఎవరు ఏం చెప్పినా దాన్ని మెయిల్లో పెట్టమనండి. ఒకసారి నేను ఫోన్లో ముప్పావుగంట మాట్లాడి అన్నీ చెప్పి, వాళ్లు అన్నీ నోట్ చేసుకున్నామని చెప్తే నమ్మి వెళ్లాను. కౌంటర్లో అడిగితే మా బుకింగ్‌లో ఒక్క ముక్క కూడా లేదు. ఫీడ్ పంపుకి అనుమతి ఉందా లేదా అని నలుగురు తర్జనభర్జన పడ్డారు, బాబుకి ఫీడ్ టైమ్ దాటిపోతోంది, వెనకాల లైన్లో జనం గొణుగుతున్నారు. ఇప్పుడు ప్రయాణానికి 48 గంటల ముందు మళ్లీ ఫోన్ చేసి "మా బుకింగ్‌లో ఏం రాసుందో నాకు చదివి వినిపించండి" అంటాను. మందులూ పరికరాల బ్యాగుని సామాను బరువులో కలపరని చాలా ఎయిర్‌లైన్ల నిబంధన, అదీ రాతపూర్వకంగా తీసుకోండి.

బ్యాటరీల లెక్క

ఫీడ్ పంపు, సక్షన్, ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గాల్లోంచి ఆక్సిజన్ తీసిచ్చే మిషన్), నెబ్యులైజర్, బ్రెస్ట్ పంపు, బ్యాటరీతో నడిచే వాటిలో చాలావాటికి లిథియం బ్యాటరీలే. బ్యాటరీ సామర్థ్యాన్ని వాట్ అవర్లలో కొలుస్తారు, 100 వాట్ అవర్ల దాకా మామూలుగా అడ్డు చెప్పరు. 100 నుంచి 160 మధ్య అయితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, అదనపు బ్యాటరీలు రెండుకి మించకూడదు. బ్యాటరీ మీద వాట్ అవర్లు రాసి లేకపోతే వోల్టుల్ని ఆంపియర్ అవర్లతో గుణించండి. 14.4 వోల్టులు, 6.8 ఆంపియర్ అవర్లు అయితే దాదాపు 98. ఈ లెక్క ఒక చీటీ మీద రాసి బ్యాటరీకి అంటించి పెడతాను, అడిగినవాళ్లకి చూపించేస్తాను. అదనపు బ్యాటరీలూ పవర్ బ్యాంకులూ చెకిన్ సూట్‌కేసులో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే, చివరలకి టేపు వేసి.

సీటు దగ్గర ప్లగ్ ఉంటుంది కదా అని నమ్ముకోవద్దు. పనిచేయకపోవచ్చు, మీ మిషన్‌కి చాలినంత కరెంటు ఇవ్వకపోవచ్చు, టేకాఫ్‌లో ఆపేయొచ్చు. ఆక్సిజన్ కాన్సంట్రేటర్ వాడేవాళ్లు ప్రయాణ సమయానికి ఒకటిన్నర రెట్లు సరిపడే బ్యాటరీలు చూపించాలని చాలా ఎయిర్‌లైన్లు అడుగుతాయి. ఇంట్లో వాడే ఆక్సిజన్ సిలిండర్‌ని చాలా ఎయిర్‌లైన్లు లోపలికి రానివ్వవు, కాన్సంట్రేటర్ కూడా వాళ్లు ఒప్పుకున్న మోడలే అయ్యుండాలి.

బ్యాగు సర్దడం

మేం రెండు బ్యాగులు చేస్తాం. పెద్దది పైన అరలోకి, చిన్నది నా కాళ్ల దగ్గర. చిన్నదాంట్లో రాబోయే ఆరు గంటలకి కావాల్సినవన్నీ ఉంటాయి, పైన బ్యాగు పోయినా బతికేయాలి అన్నట్టు. మా ఇంట్లో నిద్రలో లేపి అడిగినా దాంట్లో ఏ అరలో ఏముందో చెప్పగలం: ముందు జేబులో మూర్ఛ మందు, డాక్టర్ ఉత్తరం. పక్క జేబులో జిప్ కవర్లో ట్యూబ్ ఊడిపోతే కావాల్సిన కిట్. లోపల ఫీడ్లు, మూత పెట్టి నీళ్లు నింపిన సిరంజిలు, ఖాళీ 60 మిల్లీలీటర్ల సిరంజిలు రెండు, పొట్ట ట్యూబ్‌కి తగిలించే ఎక్స్‌టెన్షన్ ట్యూబులు రెండు, టేపు, గాజుగుడ్డ, చెత్తకి కవర్లు, బాబుకి ఒక జత బట్టలు, నాకొక చొక్కా.

ట్యూబ్ ఊడే కిట్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. పొట్ట మీద రంధ్రం ట్యూబ్ లేకుండా వదిలేస్తే కొన్ని గంటల్లోనే మూసుకోవడం మొదలవుతుంది. అందుకే అదే సైజు ట్యూబ్ ఒకటి, దానికంటే ఒక సైజు చిన్నది ఒకటి, నీటిలో కరిగే జెల్, బెలూన్‌కి నీళ్లు పట్టే సిరంజి తప్పనిసరి. ఎలా పెట్టాలో నర్సు దగ్గర ఇంట్లోనే చేసి చూపించుకోండి. రంధ్రం కొత్తదైతే, అంటే పెట్టి కొన్ని వారాలే అయితే, మీరు పెట్టకూడదు, ఆసుపత్రిలోనే పెట్టాలి. అలాంటప్పుడు దూరప్రయాణం వాయిదా వేయడమే మంచిదని నేనంటాను. ముక్కు ట్యూబ్ ఉన్న పిల్లలకి అదనపు ట్యూబ్, బుగ్గకి అంటించే టేపు, ట్యూబ్‌లోంచి తీసిన ద్రవంలో ఆమ్లం ఉందో లేదో చూసే పీహెచ్ స్ట్రిప్పులు పెట్టుకోండి. ఫీడ్‌కి ముందు ట్యూబ్ పొట్టలోనే ఉందా అని చూసుకునే అలవాటు విమానంలో హడావుడి అని మానేయకండి.

ఇన్సులిన్ సూట్‌కేసులో వేయొద్దు, కింద సామాన్ల అరలో చలికి గడ్డకట్టొచ్చు, గడ్డకట్టిన ఇన్సులిన్ పనిచేయదు. ఎలర్జీ ఉన్న పిల్లలకి అడ్రినలిన్ ఇంజెక్టర్లు రెండు, పైన అరలో కాదు, చేతికి అందేచోట. విమానంలో ఎమర్జెన్సీ కిట్ ఉంటుంది కానీ అది పెద్దవాళ్లని దృష్టిలో పెట్టుకుని చేసింది, పిల్లల డోసులో సిద్ధంగా దొరుకుతుందని అనుకోవద్దు.

పాల సంగతి

పిండిన తల్లిపాలు గది వేడిలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు, గడ్డకట్టిన ఐస్ ప్యాకులతో మంచి కూలర్ బ్యాగులో 24 గంటలు బాగుంటాయి. గడ్డకట్టిన పాలు కరిగాక మళ్లీ గడ్డకట్టించకూడదు, ఫ్రిజ్‌లో పెట్టి ఒక రోజులో వాడేయాలి. కలిపిన ఫార్ములా బయట 2 గంటలే, బిడ్డ నోరు పెట్టిందంటే గంటలోపు తాగించాలి, మిగిలింది పారబోయాలి. పారబోయడానికి మనసొప్పదు, నాకు తెలుసు, కానీ గాల్లో వాంతులూ విరేచనాలూ మొదలైతే పడే కష్టం ఇంకా పెద్దది.

అందుకే ఫార్ములా కలిపి తీసుకెళ్లకండి. ఒక్కో సీసాకి ఎంత పొడి కావాలో అంత కొలిచి చిన్న డబ్బాల్లో పోసుకుని, నీళ్లు వేరే పెట్టుకుని, అప్పటికప్పుడు కలపండి. పొడి పాలు పూర్తిగా క్రిమిరహితం కావు. రెండు నెలల్లోపు శిశువులకి, నెలలు నిండకుండా పుట్టినవాళ్లకి, రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్లకి సీలు వేసిన రెడీమేడ్ ద్రవ ఫార్ములానే మేలు. విమానం ట్యాంకు నీళ్లతో, బాత్రూం కుళాయి నీళ్లతో పాలు కలపొద్దు, సీలున్న నీళ్ల సీసా అడగండి. వేడి చేయాలంటే సిబ్బందిని ఒక కప్పులో వేడినీళ్లు అడిగి సీసాని దాంట్లో పెట్టండి, ఆ కప్పు పిల్లల తల మీదుగా చేతులు మార్చకండి, ఒక్క కుదుపు చాలు. ప్రయాణానికి వారం ముందు నుంచి చల్లని పాలు తాగడం అలవాటు చేస్తే ఈ గొడవే ఉండదు. మా పాప మూడో రోజుకే అలవాటు పడింది.

ఐస్ ప్యాకులు సెక్యూరిటీకి వచ్చేసరికి రాయిలా ఉండాలి. సగం కరిగి జారుడుగా ఉంటే కొన్ని చోట్ల ద్రవం కింద లెక్కేసి ఆపేస్తారు. అమెరికాలో వైద్య అవసరానికీ, తల్లిపాలకీ అయితే కరిగినా ఒప్పుకుంటారు, అన్నిచోట్లా అలా కాదు. గడ్డకట్టిన తల్లిపాలని చేతి బ్యాగులో ఒప్పుకోని దేశాలూ ఉన్నాయి. డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, కరిగితే గ్యాసవుతుంది) వాడాలంటే మనిషికి 2.5 కిలోల దాకా, అదీ ఎయిర్‌లైన్ అనుమతితో, గ్యాసు బయటికి పోయే వీలున్న పెట్టెలో. గట్టిగా మూసేస్తే పెట్టె పగిలిపోతుంది.

సెక్యూరిటీ దగ్గర

మామూలుగా వెళ్లేదానికంటే గంట ముందు వెళ్లండి. ట్రేలో పెట్టకముందే, మొదటి మనిషితోనే చెప్పేయండి. నేను చెప్పేది ఇంతే: "మేడం, బాబుకి పొట్టలో ట్యూబ్ ఉంది. ఇవి వాడి పాలు, మందులు, 100 మిల్లీలీటర్లు దాటాయి. ఇదిగో డాక్టర్ లెటర్." తర్వాత పాలు, మందులు, పరికరాలు బ్యాగులోంచి తీసి వేరే ట్రేలో పెడతాను. దాచిపెట్టి స్కానర్లో బయటపడితే అనుమానం, ముందే చూపిస్తే సాయం చేస్తారు, ఇది నేను చాలాసార్లు చూశాను.

ఎక్స్‌రే వల్ల పాలకేమీ కాదు, టెన్షన్ పడకండి. సీసా మూత తీయమంటే, పాలని ముట్టుకోకుండా పరీక్షించే పద్ధతి ఉందా అని మర్యాదగా అడగండి. తీయక తప్పకపోతే కొత్త గ్లౌజులు వేసుకోమని అడగండి. సీలున్న ఫార్ములా తెరవడం ఇష్టం లేదని చెప్తే మిమ్మల్ని ఇంకాస్త తనిఖీ చేస్తారు, అది నయం. పొడి డబ్బా పెద్దదైతే, 350 మిల్లీలీటర్లు దాటితే, అమెరికాలో విడిగా చూస్తారు.

ఇన్సులిన్ పంపులూ, గ్లూకోజ్ సెన్సార్లూ కొన్నిటిని ఎక్స్‌రేలోకీ బాడీ స్కానర్లోకీ పంపొద్దని తయారీదారులే చెప్తారు. మీ పరికరం పుస్తకంలో ఆ పేజీని ఫోటో తీసి ఫోన్లో ఉంచుకోండి, చేత్తో చూడమని అడగండి. పిల్లల ట్యూబ్‌ని ఎవరూ లాగకుండా, చొక్కా మీరే పైకెత్తి చూపించండి. జనం ముందు వద్దనుకుంటే వేరే గదిలో చేయమని అడగొచ్చు. గోల భరించలేని పిల్లలైతే చాలా విమానాశ్రయాల్లో పొద్దుతిరుగుడు పూల బొమ్మలున్న ఆకుపచ్చ లాన్యార్డ్ (మెడలో వేసుకునే పట్టీ) ఇస్తారు. 2016లో బ్రిటన్‌లోని గాట్విక్ విమానాశ్రయంలో మొదలైంది అది. మెడలో వేస్తే ఈ బిడ్డకి కనిపించని ఇబ్బంది ఉంది, కొంచెం టైమ్ కావాలి అని సిబ్బందికి తెలుస్తుంది.

విమానం ఎక్కాక

లోపలికి అడుగుపెట్టగానే సిబ్బందిలో పెద్దవాళ్లతో రెండు ముక్కలు చెప్పండి: బిడ్డకి ఏముంది, అత్యవసరమైతే మందు ఏ బ్యాగులో ఉంది. సీటు, చేతులు పెట్టుకునే చోటు, ముందున్న ట్రే తడి వైప్స్‌తో తుడవండి. తిండి ఎలర్జీ ఉన్నవాళ్లు సీటు సందుల్లో కూడా చూడాలి, ముందు కూర్చున్నవాళ్లు తిన్నవి అక్కడే ఉంటాయి. వాళ్లు ఇచ్చే భోజనం వద్దు, మీదే పెట్టండి.

మేం టేకాఫ్‌కి ముప్పావుగంట ముందే ఫీడ్ ఆపేస్తాం. కారణం మొదటి ప్రయాణంలోనే తెలిసింది. విమానం పైకి లేస్తోంది, బాబు కాళ్లు ముడుచుకుని ఏడుస్తున్నాడు, పొట్ట మీద చెయ్యి వేస్తే డప్పులా బిగిసి ఉంది. పిస్టన్ తీసిన సిరంజిని ట్యూబ్‌కి తగిలించి నిలువుగా పట్టుకున్నాను. ముందు బుస్సుమని గాలి, తర్వాత పాలు గొట్టంలోంచి పైకెక్కి సిరంజిలో 20 గీత దాకా వచ్చి బుడగలు వేసి, నెమ్మదిగా వాటంతటవే కిందికి దిగిపోయాయి. నా చేతి కింద పొట్ట మెత్తబడింది, వాడు నిద్రపోయాడు. నేల మీద మింగిన గాలే పైన ఉబ్బింది, అంతే. ట్యూబ్ ఉన్న పిల్లలకి విమానం పైకి వెళ్లేటప్పుడు ఒకసారి, వెళ్లాక ఒకసారి ఇలా గాలి తీయండి, ఫీడ్ ఇంట్లో కంటే నెమ్మదిగా ఇవ్వండి, తల పైకి ఉండేలా పట్టుకోండి. పంపు మాటిమాటికీ గాలి ఉందని అలారం కొడితే గొట్టంలో బుడగలు చూసి మళ్లీ ప్రైమ్ చేయాలి, అంటే గాలి పోయేదాకా గొట్టాన్ని ఫీడ్‌తో నింపాలి, అలా వస్తుందని ముందే తెలిస్తే కంగారు పడరు. ఇన్సులిన్ పంపుల్లోనూ ఒత్తిడి మారినప్పుడు బుడగలు రావొచ్చు, పైకి చేరాక ఒకసారి గొట్టం చూసి షుగర్ చెక్ చేయండి.

క్యాబిన్ గాలి బాగా పొడిగా ఉంటుంది. ట్యూబ్ పిల్లలకి ఫీడ్ల మధ్య అదనంగా ఎన్ని నీళ్లు ఇవ్వొచ్చో డాక్టర్ని ముందే అడగండి, ట్రాకియాస్టమీ ఉన్నవాళ్లకి తేమ ఫిల్టర్లు ఎక్కువ పెట్టుకోండి.

టైమ్ జోన్లు మారితే మందుల లెక్క తప్పుతుంది. నేను పాత ఫోన్ ఒకటి ఇంటి టైమ్‌లోనే ఉంచి, దాని అలారం ప్రకారమే ఇస్తాను. చేరాక రోజుకి కొంచెం కొంచెం జరపడం డాక్టర్ రాసిచ్చిన పట్టిక ప్రకారం. 12 గంటలకోసారి ఇచ్చే మూర్ఛ మందులో ఊహించి మార్చడం వద్దే వద్దు. పిల్లలు నిద్రపోవాలని ఎలర్జీ సిరప్ పట్టించమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. కొందరికి అది నిద్రకి బదులు చికాకు తెస్తుంది, శ్వాస సమస్యలున్నవాళ్లకి ప్రమాదం కూడా.

ఏదైనా తేడా అనిపిస్తే వెంటనే కాల్ బటన్ నొక్కండి, మొహమాటం వద్దు. విమానంలో డాక్టర్ ఎవరైనా ఉన్నారా అని అడుగుతారు, చాలా ఎయిర్‌లైన్లకి నేల మీద డాక్టర్లతో మాట్లాడే ఏర్పాటు ఉంటుంది. మీ ఒక్క పేజీ ఉత్తరం అప్పుడు బంగారం. ఎలర్జీకి అడ్రినలిన్ ఇచ్చాక పిల్లల్ని నిలబెట్టకండి, పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టండి, ఊపిరి ఆడకపోతే కూర్చోబెట్టండి, 5 నిమిషాల్లో తగ్గకపోతే రెండో ఇంజెక్షన్.

దిగేటప్పుడు

చెవులకి కష్టం ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడే ఎక్కువ. ల్యాండింగ్‌కి సుమారు అరగంట ముందే విమానం దిగడం మొదలవుతుంది, నిద్రపోతుంటే అప్పుడు లేపి రొమ్ము, సీసా, ప్యాసిఫైయర్ ఏదో ఒకటి ఇవ్వండి. మింగితేనే చెవి దారి తెరుచుకుంటుంది. నోటితో ఏదీ ఇవ్వకూడని మా బాబు లాంటివాళ్లకి ఖాళీ ప్యాసిఫైయర్ చాలు. ఏడ్చినా పర్లేదు, ఏడుపుతో కూడా చెవులు తెరుచుకుంటాయి. చెవుల్లో గ్రామెట్స్ (కర్ణభేరిలో పెట్టే చిన్న గొట్టాలు) ఉన్న పిల్లలకి ఈ బాధే ఉండదు.

దిగిన ఊళ్లో పిల్లల ఎమర్జెన్సీ ఉన్న ఆసుపత్రి ఎక్కడుందో బయల్దేరకముందే మ్యాప్‌లో పెట్టుకోండి. ఇన్సూరెన్స్ తీసుకుంటే పాత జబ్బు దాచకుండా చెప్పి తీసుకోండి, దాస్తే అవసరమైన రోజున రూపాయి రాదు. బరువైన ఫార్ములా పెట్టెలు ముందే బస చేసేచోటికి పంపించే వీలుంటే పంపండి, కానీ మొదటి రెండు రోజులది మాత్రం మీతోనే రావాలి. గేటు దగ్గర అప్పజెప్పిన వీల్‌చెయిర్‌ని తీసుకునేటప్పుడు చక్రాలు, బ్రేకులు అక్కడే చూసుకోండి, దెబ్బ తగిలి ఉంటే బయటికి రాకముందే ఫిర్యాదు రాయించాలి.

తిరుగు ప్రయాణం పని చేరిన రోజే మొదలుపెట్టండి. మెడిఫ్ రెండువైపులకీ చెల్లుతుందా, ఉత్తరం మీద తేదీ పాతబడిపోతుందా అని చూసుకుని, మిగిలిన ఫీడ్లు లెక్కపెట్టి, తిరిగొచ్చే రోజుకి ఎన్ని పక్కన పెట్టాలో వాటిని అప్పుడే విడిగా కట్టేస్తాం. ఇంకొకటి, హోటల్ గదిలో చిన్న ఫ్రిజ్ ఐస్ ప్యాకుల్ని రాయిలా గడ్డకట్టించదు. ముందురోజు సాయంత్రం వంటగది ఫ్రీజర్‌లో పెట్టమని ఇచ్చి, కవర్ మీద గది నంబరు పెద్దక్షరాలతో రాసి, తెల్లవారుజామున డ్యూటీలో ఎవరుంటారో వాళ్ల పేరు కూడా అడిగి పెట్టుకోండి.